పారబోయాల్సిన సగం

యంత్రం ఆరువందల నలభై రెండు అని చూపించింది.

"మళ్ళీ పెట్టి చూద్దాం," అంది కెమిస్టు మేడం.

మళ్ళీ పెట్టారు. ఆరువందల ముప్ఫై తొమ్మిది.

జల్లెడయ్యకి ఆ అంకెల మంచీ చెడ్డా తెలియదు. మట్టి పరీక్షల లాబ్‌లో పాతికేళ్ళ నుంచి పనిచేస్తున్నా అతని పని ఈ గది గుమ్మం బయటే ఆగిపోతుంది. వచ్చిన మట్టిని నీడన ఆరబెట్టాలి. చెక్క సుత్తితో గడ్డలు నలగ్గొట్టాలి. జల్లించాలి. జల్లించింది బల్ల మీద గుండ్రంగా పరిచి, వేలితో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు భాగాలు చెయ్యాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పొట్లం కట్టి లోపలికి పంపాలి. మిగతా సగం పారబొయ్యాలి. పొద్దస్తమానం చేతిలో జల్లెడే కాబట్టి అసలు పేరు జీతం కాగితం మీద మిగిలింది, మనిషికి జల్లెడయ్య అన్నదే స్థిరపడింది.

ఇవాళ అతన్ని లోపలికి పిలవడానికి కారణం ఆ మట్టి అతను తెచ్చింది కావడమే. కొత్త యంత్రం వచ్చి నాలుగు రోజులైంది. "ఏ మందూ ఏ పొగా తగలని మట్టి ఒక గుప్పెడు కావాలి. దాంట్లో ఏమీ లేదని యంత్రం చూపిస్తే, ఉన్నచోట ఉందని చెప్పినా నమ్మొచ్చు," అంది మేడం నిన్న. జల్లెడయ్య ఛాతీ రెండంగుళాలు పొంగింది. సాయంత్రం స్నేహితుడి ఇంటికి వెళ్ళి, పెరట్లో వెనక గోడ పక్కన ఆకుకూరలు పెంచే ఎత్తు మడిలోంచి గుప్పెడు తీసి, కాగితంలో చుట్టి తెచ్చాడు. ఇంతకన్నా శుభ్రమైన మట్టి ఈ ఊళ్ళో దొరకదని చెప్పి మరీ ఇచ్చాడు.

"ఎక్కడిదిది?" అంది మేడం, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఎందుకు మేడం?"

"ఇది సీసం. పిల్లలు తిరిగే నేలలో వంద దాటితేనే నేను భయపడతాను. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంటుంది ఇంత. రెండున్నరేళ్ళ కిందట కోర్టు కేసు మూటలు వచ్చాయి, గుర్తుందా? ఎర్రదారం కట్టినవి. వాటిలోనూ ఇలాగే ఉందని బయటి లాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. చెప్పండి, ఎక్కడిది?"

"రోడ్డు పక్కది మేడం."

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

"శుభ్రమైనదని అన్నారుగా పొద్దున?"

"పొరపాటైంది."

మేడం తల అడ్డంగా ఊపి గాజుగిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. జల్లెడయ్య అక్కడే నిలబడిపోయాడు.

ఎర్రదారం మూటలు. మూడువందల పైచిలుకు. ఒక్కొక్కటీ రెండేసి కిలోలు. లోపలిది నల్లగా, మెత్తగా, చేతిలో పట్టుకుంటే మంచి మట్టిలాగే ఉంది. ఆర్నెల్లు రాక్‌లో ఉంచమన్నారు, ఉంచాడు. ఆర్నెల్లయ్యాక పారబోసెయ్యమన్నారు.

ఎక్కడ పారబోశాడో ఇద్దరికే తెలుసు. అతనికీ, అతని స్నేహితుడికీ.

*

ఆదివారం పొద్దున్నే చెప్పెయ్యాలని బయల్దేరాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. మొదటి మాట దొరికితే రెండోది దొరకలేదు.

పెరటి తలుపు తెరిచే ఉంది.

"ఏం బావా, ఇంత ఆలస్యం?" గోడ పక్కనుంచి డ్రైవరు కేకపెట్టాడు. బస్సు డ్రైవరు. హారన్ పాడైనా ఇతని గొంతుతో బస్సు నడపొచ్చని డిపోలో చెప్పుకుంటారు. చొక్కా విప్పేసి, లుంగీ ఎగ్గట్టి, చిక్కుడు తీగకి కర్రలు పాతుతున్నాడు. "చేతులూపుకుంటూ వచ్చావేంటి? మట్టేదీ?"

"ఈ వారం లేదు."

"మట్టి లేని జల్లెడయ్యా! ఏమేవ్, ఎవరో కొత్తాయన వచ్చాడు, పేరు కనుక్కో!"

డ్రైవరు భార్య వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి నవ్వింది. "రండన్నయ్యా. ఆయన మాటలకేం గానీ, ముందు మంచినీళ్ళు తాగండి."

పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే ఆమె అతన్ని అన్నయ్యా అంది. దాంతో డ్రైవరుకి బావ అయ్యాడు, తర్వాత పుట్టిన పిల్లకి మావయ్య అయ్యాడు. ఒంటరి మనిషికి ఇంతమందిని ఒక్క మాటతో ఇచ్చేసింది ఆమె. వారంలో ఆరు రోజులు అతను లాబ్‌లో ఉండేవాడు. ఏడో రోజు ఈ పెరట్లో బతికేవాడు.

ఆ పెరడు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. మూడు మడులు, రెండు పందిళ్ళు. వంకాయలు మొక్కకి నాలుగేసి దిగి బరువుకి వాలి ఉన్నాయి. వెనక గోడ వెంబడి ఇటుకలు పేర్చి కట్టిన ఎత్తు మడిలో ఆకుకూర మోకాలెత్తు లేచి, ఎండకి నిగనిగలాడుతోంది.

ఆ మడి పక్కనే కూచుని ఉంది పిల్ల. ఐదేళ్ళది. గలగలమని వాగుతూ ఉండేదని పిచ్చిక అని పేరు పెట్టింది జల్లెడయ్యే. పాత చెంచాతో మట్టి తవ్వి డబ్బాలో పోస్తోంది. పోసి, అరచేత్తో అదిమి, ఆ చెయ్యి గౌనుకి తుడుచుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

జల్లెడయ్య రెండు అంగల్లో అక్కడికి వెళ్ళాడు. "తియ్యి. నోట్లోంచి వేలు తియ్యి."

పిల్ల బెదిరి చూసింది. అతను ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు రాసి, గోళ్ళ సందులు పుల్లతో తీసి కడిగాడు. ఒకసారి కడిగి మళ్ళీ కడిగాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా వదల్లేదు.

"పాతికేళ్ళు మట్టిలో పొర్లినవాడు చేతులు కడుక్కోమంటున్నాడు!" డ్రైవరు పగలబడి నవ్వాడు. "వదిలెయ్యి బావా, మట్టిలో ఆడితేనే పిల్లలు గట్టిపడేది."

"గోళ్ళు కొరుకుతోంది," అన్నాడు జల్లెడయ్య.

డ్రైవరు భార్య తువ్వాలు తెచ్చి పిల్ల చేతులు తుడిచి లోపలికి పంపింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మీతో ఒక మాట చెప్పాలన్నయ్యా. బడినుంచి టీచరమ్మ కబురుపెట్టింది. చెప్పింది చెప్పినట్టు మర్చిపోతోందట. పోయిన ఏడాది నూరుదాకా గడగడా లెక్కపెట్టేది కదా. ఇప్పుడు ఇరవై దాటితే తడుముకుంటోంది. ఇంట్లోనూ మాట తగ్గిపోయింది. కడుపునొప్పంటుంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని మొన్న రెండు తగిలించాను కూడా. కొట్టినందుకే అలా అయిపోయిందేమోనని భయంగా ఉంది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. రక్తం తక్కువగా ఉందన్నాడు. ఆకుకూరలు బాగా పెట్టమన్నాడు. మన పెరట్లోనే ఉన్నాయిగా, రెండు పూటలా పెడుతున్నాను."

జల్లెడయ్య గోడకి చెయ్యి ఆనించాడు. ఇటుక వేడిగా తగిలింది. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు.

"బావా! ఇటు పట్టు!" డ్రైవరు కేక. పందిరి కర్ర ఒరిగిపోతోంది.

వెళ్ళి పట్టుకున్నాడు. పాత సైకిలు ట్యూబుని సన్నగా కోసిన పట్టీలతో డ్రైవరు ముడులు వేస్తుంటే అతను కర్ర నిలబెట్టి ఉంచాడు. ఒక కర్ర అయ్యాక ఇంకోటి. ఆ పని చేస్తూ డ్రైవరు, గేరు మార్చడం రాని కొత్త డ్రైవరు కథ చెప్పాడు, దిగాల్సిన చోట నిద్రపోయి తననే తిట్టిన ముసలాయన కథ చెప్పాడు. మధ్యలో ఉన్నట్టుండి ఆగి, చెమట తుడుచుకుని, పెరడంతా ఒకసారి కలయజూశాడు.

"రోజంతా పొగ మింగుతాను బావా. ఇక్కడికొచ్చి నిలబడితేనే మనిషినవుతాను. నా పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ మందు కొట్టిన ఆకు ఒక్కటి తినలేదు. మా డిపోలో ఏ ఒక్కడూ ఆ మాట అనలేడు. అంతా నీ చలవే."

జల్లెడయ్య కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ లేవు.

మధ్యాహ్నం నలుగురూ వరండాలో చాప వేసుకుని కూచున్నారు. ఆమె అన్నం వడ్డించి, మధ్యలో గిన్నెడు ఆకుకూర పెట్టింది. పొగలు కక్కుతోంది. డ్రైవరు పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. ముద్ద కలిపి పెట్టడం ఎప్పుడూ అతనే. గరిటె కోసం చెయ్యి చాపాడు.

జల్లెడయ్య ముందే గరిటె అందుకున్నాడు. మూడు గరిటెలు తన పళ్ళెంలో వేసుకున్నాడు.

"ఓయ్ ఓయ్!" అన్నాడు డ్రైవరు.

జల్లెడయ్య తల ఎత్తలేదు. గబగబా తిన్నాడు. తిని మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఇంకో మూడు గరిటెలు. నోరు కాలుతున్నా ఆగలేదు. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. అతను గిన్నె వంచి అడుగున ఉన్నది కూడా ఊడ్చి వేసుకున్నాడు.

డ్రైవరు భార్యకి నవ్వాగలేదు. "అయ్యో, ఉదయం ఏమీ తినలేదా అన్నయ్యా?"

"వారం నుంచి కట్టేసి ఉంచినట్టున్నారు లాబ్‌లో," అన్నాడు డ్రైవరు. "తిను బావా, తిను. నీ మట్టి, నీ కూర. పాపకి ఇంకాస్త కోసుకొచ్చి వండవే."

"వద్దు!"

ముగ్గురూ అతని వైపు చూశారు.

"అది... మొత్తం నాకు కోసివ్వమ్మా. ఆఫీసులో అడిగారు. అందరికీ పంచాలి. మడి మొత్తం కావాలి."

"అందరికీనా?" డ్రైవరు మొహం వెలిగిపోయింది. తన పెరటి కూర ఆఫీసువాళ్ళు తింటారనేసరికి సగం అన్నంలోంచి లేచాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి మడి మొత్తం కోసి, నారతో కట్టలు కట్టి, తడిగుడ్డ చుట్టి సంచిలో సర్దారు. బరువు చాలదన్నట్టు నాలుగు వంకాయలు కూడా వేశారు. పిల్లకి ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టారు.

అతను సాయంత్రం ఆ సంచి మోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాడు. చెత్తకుండీలో కట్టలన్నీ వేశాడు. అవతల గట్టు మీద కూచున్న ముసలమ్మ చూసి, "అంత మంచి కూర పారేస్తున్నావేంటయ్యా!" అంటూ లేచి రాబోయింది. అతను మళ్ళీ కుండీలో చెయ్యి పెట్టి, ఒక్కొక్క కట్టా తీసి, కింద పడేసి, చెప్పుకాలితో నలగదొక్కి మళ్ళీ వేశాడు. ముసలమ్మ ఆగిపోయి అతని మొహంలోకి చూసింది. తిట్టడానికి కూడా భయపడినట్టుంది.

ఒక్క పూట ఆపాడు. రేపటికి మడిలో మొదళ్ళు మళ్ళీ చిగురుస్తాయి.

*

సోమవారం అతను మేడం గది తలుపు తట్టాడు.

"అది రోడ్డు పక్క మట్టి కాదు మేడం."

ఆమె విన్నది. అడ్డు రాకుండా మొత్తం విన్నది. తొమ్మిదేళ్ళుగా పారబోయాల్సిన సగాన్ని బస్తాలకెత్తి, స్నేహితుడి బస్సులో వెనక సీటు కింద పెట్టి చేరవేసిన సంగతి. మంచి పొలాల నుంచి వచ్చిన మంచి మట్టి వృథాగా పోతోందని చేసిన పని. పల్లంగా ఉండి నీళ్ళు నిలిచే పెరడు ఆ మట్టితోనే ఎత్తు లేచిన సంగతి. వెనక గోడ మడి నిండా ఎర్రదారం మూటలు విప్పి పోసిన సంగతి.

"ఎర్రదారం అంటే ఏమిటో తెలియదా మీకు?"

"కోర్టువి, ఆర్నెల్లు ఉంచాలన్నారు. అంతే తెలుసు."

"పారబోయడానికి వెనకాల సిమెంటు గొయ్యి ఉంది. ఎర్రదారంవి అందులోనే వెయ్యాలని అప్పుడే నోటీసు అంటించాం."

"ఎక్కడ మేడం?"

ఆమె చెయ్యెత్తి చూపించబోయి ఆగింది. నోటీసు తలుపుకి లోపలివైపు ఉంది. కాగితం పసుపు పచ్చబడింది కానీ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. పెద్దక్షరాలు. రెండేళ్ళుగా అక్కడే ఉంది. ఆ రెండేళ్ళలో జల్లెడయ్య ఆ గదిలో కాలుపెట్టింది మొన్న శుక్రవారం ఒక్కసారే. అప్పుడు తలుపు తెరిచే ఉంది.

ఇద్దరూ ఆ కాగితం వైపు చూశారు.

"మీకు విడిగా చెప్పాలని ఎవరికీ తట్టలేదు," అంది ఆమె మెల్లగా.

"ఆ పిల్లకి ఐదేళ్ళు మేడం. తినడం ఆపేస్తే తగ్గిపోతుందా?"

మేడం చేతి తొడుగులు తీసింది. ఒక్కొక్క వేలూ విడిగా లాగుతూ తీసింది. తీశాక వాటిని చెత్తబుట్టలో వెయ్యకుండా చేతిలోనే పట్టుకుంది.

"రక్తంలోంచి మెల్లగా పోతుంది. మామూలు రక్తపరీక్షలో అది తెలియదు, సీసం అని రాయించి మరీ చేయించండి. ఆలస్యం చెయ్యకండి."

"లెక్కలు మర్చిపోతోందట. మళ్ళీ వస్తాయా?"

తొడుగులు మేడం చేతిలోంచి జారి కిందపడితే వంగి తీసుకుంది. లేచాక వేరే మాట అంది. "నేను ఇది పైకి రాయాలి. రాస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది. నోటీసు మీద సంతకం నాది, నాకేమీ కాదు. అందుకే రాయడం లేదు. మంచిదాన్ననుకోకండి."

*

ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు. డ్రైవరు డ్యూటీలో ఉంటాడని తెలిసే వెళ్ళాడు. పిల్ల బడిలో ఉంది.

డ్రైవరు భార్య వరండాలో కూచుని ఖాకీ చొక్కాకి గుండీ కుడుతోంది. "ఈ వేళప్పుడొచ్చారేంటన్నయ్యా?" అని చాప జరిపింది.

అతను కూచోలేదు. నిలబడే చెప్పాడు. ఈసారి మాటలు తడబడలేదు. అన్నీ వరసగా వచ్చేశాయి. యంత్రం చూపించిన అంకెతో సహా చెప్పాడు.

సూది గుడ్డలో దిగి ఆగిపోయింది.

"రెండేళ్ళ నుంచా?" అంది ఆమె.

"రెండేళ్ళ నుంచి."

"ఏ మడి?"

"గోడ పక్కది."

"ఆకుకూర మడి."

"ఊఁ."

ఆమె మళ్ళీ సూది లాగింది. గుండీ చుట్టూ దారం నాలుగుసార్లు తిప్పింది, ముడి వేసింది, పంటితో కొరికింది. కుట్టిన గుండీని లాగి చూసింది. గట్టిగానే ఉంది. ఇంకోసారి లాగింది. మళ్ళీ లాగింది. నాలుగోసారికి గుండీ ఊడి చేతిలోకొచ్చింది.

"రక్తం తక్కువన్నాక రెండు పూటలా పెట్టాను," అంది దాన్ని చూస్తూ. "వద్దని ఏడిస్తే ముక్కు మూసి పెట్టాను."

"నీ తప్పు కాదమ్మా. నాది. సాయంత్రం వాడొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. కాళ్ళు పట్టుకుంటాను. కొడతాడు, కొట్టనీ. పోలీసులకి పట్టిస్తానంటే పట్టించనీ. ఇక ఈ గుమ్మం తొక్కను."

వీధిలో ఏదో బండి వెళ్ళింది. అది దూరమయ్యాక ఆమె అంది.

"ఆయనకి చెప్పొద్దు."

"ఏంటి?"

"చెప్పొద్దంటున్నాను. కాళ్ళు పట్టుకుంటే మీ బరువు దిగిపోతుంది. ఆయనకెలా దిగుతుంది? ఆ బస్తాలు తన బస్సులో తెచ్చుకున్నాడు. తన భుజం మీద దింపుకున్నాడు. ఆ మడికి ఒక్కో ఇటుకా తనే పేర్చాడు. పిల్ల పుట్టినప్పట్నుంచీ ముద్ద కలిపి పెట్టేది తను. ఆ చేత్తోనే పొద్దున్న లేచి అరవైమందిని ఎక్కించుకుని బస్సు నడపాలి." గుండీని పిడికిట్లో బిగించింది. "ఆయన తట్టుకోడు. నాకు తెలుసు. పిల్ల ఎలాగూ ఇలా అయింది. మనిషి కూడా పోతే నేనేం చెయ్యాలి?"

"మరి... పెరడు?"

"పురుగు పట్టిందని చెప్పండి. వేళ్ళలో పురుగు, మట్టంతా తీసేస్తే తప్ప పోదని. మీరు చెప్తే నమ్ముతాడు. మీరేం చెప్పినా నమ్ముతాడు."

జల్లెడయ్య అప్పుడు కూచున్నాడు. చాప మీద కాదు, మెట్టు మీద. ఇంట్లోంచి గెంటేస్తారనే వచ్చాడు. గెంటేస్తే బాగుండుననే వచ్చాడని ఇప్పుడు తెలిసింది.

"నేను రాకుండా ఉంటాను. దూరంగా బదిలీ అయిందని చెప్పుకో."

"వస్తారు. మీరు రాకపోతే సాయంత్రానికల్లా ఆయన మీ ఇంటి ముందుంటాడు. ఏమైంది బావా అని అడుగుతాడు. ఆయన ఎదురుగా నిలబడి అడిగితే మీరు ఆపుకోలేరు." ఆమె లేచి చొక్కా దులిపింది. "రేపు పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏమని రాయించాలో మీకు తెలుసు కదా. తొమ్మిదింటికి అక్కడుండండి."

*

మంగళవారం రక్తం ఇచ్చారు. శుక్రవారం కాగితం వచ్చింది. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, రక్తంలో సీసం అయిదు దాటకూడదంది. కాగితంలో ముప్ఫై ఒకటి ఉంది.

పిల్ల బల్ల మీద కూచుని కాళ్ళు ఊపుతోంది.

"బొమ్మలో ఏముంది, చెప్పు?" డాక్టరమ్మ ఒక అట్ట చూపించింది.

పిల్ల దానివైపు చూసింది. చాలాసేపు చూసింది. తెలుసు అన్నట్టు నవ్వింది కూడా. పెదవులు కదిపింది. మాట రాలేదు. అమ్మవైపు తిరిగింది.

అట్ట మీద గొడుగు ఉంది.

"ఈయన పిల్లకి ఏమవుతారు?" అంది డాక్టరమ్మ, తలుపు దగ్గర నిలబడ్డ జల్లెడయ్యని చూసి.

"ఆ మట్టి పరీక్ష చేసిన లాబ్ మనిషి," అంది డ్రైవరు భార్య.

"ముందు ఆ మట్టికి దూరం చెయ్యండి. ఈ మందులు వాడండి. మూడు నెలలకోసారి చూద్దాం."

"మళ్ళీ ముందులా అవుతుందా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ కలం తీసి రాయడం మొదలుపెట్టింది. చీటీ చిన్నదే. రాయడం మాత్రం చాలాసేపు పట్టింది. "బళ్ళో టీచరుతో మాట్లాడండి," అంది చివరికి. "కాస్త ఓపిక పట్టమనండి. మీరు కూడా."

బయటికొచ్చాక ఆమె పిల్లని ఎత్తుకుంది. ఐదేళ్ళ పిల్లని, నడవగలిగిన పిల్లని, బస్టాపుదాకా ఎత్తుకునే నడిచింది. జల్లెడయ్య చెయ్యి చాపితే ఇవ్వలేదు.

*

"ఒక్క పురుక్కోసం పెరడంతా తవ్విపోసేవాడివి నువ్వొక్కడివే బావా!"

ఆదివారం. డ్రైవరు నడుం దాకా గోతిలో ఉన్నాడు. పందిళ్ళు పీకేశారు. వంకాయ మొక్కలు కాయలతో సహా ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. మట్టి దుమ్ము లేవకుండా జల్లెడయ్య నీళ్ళు చల్లుతున్నాడు. ఇద్దరి మూతులకీ గుడ్డలు కట్టించాడు. కిటికీలన్నీ మూయించాడు. పిల్లని పక్కింటికి పంపించారు.

"పురుగుకి మూతికి గుడ్డెందుకురా? కరుస్తుందా?"

"గాల్లో గుడ్లు లేస్తాయి."

"గుడ్లా!" డ్రైవరు హడలిపోయినట్టు నటించి, నవ్వి, గుడ్డ ఇంకాస్త బిగించుకున్నాడు. నమ్మాడు. అడిగిన ప్రతిదానికీ జల్లెడయ్య ఏదో ఒకటి చెప్పాడు. చెప్పిన ప్రతిదీ నమ్మాడు.

ఎత్తు మడి ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీశారు. నల్లటి మట్టి బస్తాలకెత్తారు. లాబ్ వెనక ఉన్న సిమెంటు గోతిలో వెయ్యడానికి బయట రిక్షాబండి సిద్ధంగా ఉంది. పదహారో బస్తా మూతి కడుతూ డ్రైవరు ఆగాడు. గుడ్డ కిందికి లాగాడు. ఎప్పుడూ వీధి చివరికి వినిపించే గొంతు, పక్కనున్నవాడికి వినిపించేంత తగ్గింది.

"మా ఆవిడ చెప్పింది బావా. పిల్లకి ఏదో లోపం ఉందని అందరికన్నా ముందు నువ్వే కనిపెట్టావట. ఫలానా పరీక్ష చెయ్యండని నువ్వే రాయించావట. నేను బస్సు తోలుకుంటూ తిరుగుతున్నాను, నువ్వు పని మానుకుని ఆసుపత్రిలో నిలబడ్డావు. కన్నవాణ్ణి నేను. చూసుకుంది నువ్వు."

జల్లెడయ్య బస్తా మూతి పట్టుకున్న చేతులు వదల్లేదు.

"మందులు వాడితే తగ్గిపోతుందని డాక్టరమ్మ అందట కదా?"

వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు గ్లాసులు. జల్లెడయ్య ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపే చూస్తోంది. సాయం చెయ్యలేదు.

"తగ్గిపోతుంది," అన్నాడు.

డ్రైవరు కళ్ళు మట్టిచేత్తోనే తుడుచుకోబోతే జల్లెడయ్య అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. డ్రైవరు ఆ చెయ్యిని ఇంకోలా అర్థం చేసుకుని, తన రెండో చెయ్యి దాని మీద వేశాడు.

"నేల మొత్తం సిమెంటు చేయిద్దామంటోంది ఇది," అన్నాడు డ్రైవరు. "నేనొప్పుకోలేదు. ఈ వానలు వెళ్ళాక మళ్ళీ మొదలుపెడదాం. బయటి మట్టి నేను నమ్మను. నువ్వే తేవాలి. సరేనా? ఈలోపు పెరడు లేదని ఆదివారాలు మానెయ్యకు. మానేశావంటే డిపో నుంచి బస్సు వేసుకుని వచ్చేస్తాను."

"ఎందుకు మానేస్తారు?" అంది ఆమె. "వస్తారు."

ఒక గ్లాసు మొగుడి చేతికిచ్చింది. రెండోది జల్లెడయ్యకి అందేంత దూరంలో గట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

"తాగు బావా, చల్లగా ఉన్నాయి," అన్నాడు డ్రైవరు.

జల్లెడయ్య చేతులు కడుక్కుని తాగాడు. తర్వాత గోతిలోకి దిగి, పదిహేడో బస్తా నింపడం మొదలుపెట్టాడు.